పొడుగుకాళ్ల పచ్చ యీగలు: తొలి నమోదు అనగా నేమి?

రైతులు తమ పొలములందు ఆకులపై నెండలో మెరయుచు, సన్నని పొడవైన కాళ్లపై దేహము నెత్తి నిలిచియుండు చిన్న పచ్చ యీగలను చూచియే యుందురు. వీనిని పైరు తిను పురుగులని భ్రమించి మందు చల్లినచో ఖర్చు వ్యర్థమగుటయే గాక, పైరునకు మేలుచేయు జీవము నశించును.

స్వభావము. — ఇవి డోలికోపొడిడే అను కుటుంబమునకు చేరినవి. 1809వ సంవత్సరమున లాట్రెయ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ కుటుంబమును ఏర్పరచెను. ఇప్పటికి లోకమున 7,000కు పైగా జాతులు తెలియవచ్చినవి. ఇవి పేనుబంక, తామరపురుగు, నల్లి మొదలగు మెత్తని పురుగులను పట్టి నోటితో నలిపి రసమును పీల్చును. కొన్ని జాతులు నీటి యంచున దోమపిల్లలను సైతము తినును. వీని పిల్లపురుగులు తడిమట్టిలోను, కుళ్లిన యాకులలోను, చెట్ల బెరడుక్రిందను వసించును. వానిలో పెక్కులు వేటాడి బ్రదుకునవే. త్రిప్టికస్ అను తెగ మాత్రము గడ్డి, తుంగ మొదలగు మొక్కల కాండములను తొలుచును.

తొలి నమోదు. — ఒక దేశమున మున్నెన్నడును ముద్రితమైన జాబితాలలో చేరని జాతి దొరకి, శాస్త్రజ్ఞులచే ప్రకటింపబడినచో, అది ఆ దేశమునకు తొలి నమోదనబడును. చూచితిమని చెప్పిన చాలదు. మగ యీగ కాళ్లమీది విశేషపు గుర్తులను, పొట్టకొనను క్రిందికి మడిచియుండు జననాంగములను సూక్ష్మదర్శినితో పరీక్షింపవలెను. ఆడ యీగలను మాత్రమే చూచి జాతిని నిర్ణయించుట కష్టము. పట్టిన యూరు, తేదీ, పట్టినవారి పేరు వ్రాసిన చీటితో నమూనాను భద్రపరుపవలెను. ఇట్టి పనికై మన దేశమున 1916వ సంవత్సరమున భారతీయ జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ కలకత్తాలో స్థాపింపబడెను.

తొలి నమోదునకు కారణములు రెండు. జాతి పూర్వమునుండి యున్నను ఎవ్వరును వెదకకపోవుట యొకటి; పరదేశమునుండి క్రొత్తగా వచ్చుట రెండవది. అమెరికాఖండపు కాండిలోస్టైలస్ లాంగికార్నిస్ అను పొడుగుకాళ్ల యీగ పసిఫికు దీవులకు చేరుట రెండవదానికి నిదర్శనము.

రైతునకు ప్రయోజనము. — మిత్రకీటకముల వలెనే శత్రుకీటకములును ఇట్లే వచ్చును. అమెరికాఖండపు కత్తెరపురుగు 2016లో ఆఫ్రికాలోను, 2018 మే మాసమున మన దేశపు కర్ణాటకములో మొక్కజొన్నపైనను తొలుత గుర్తింపబడెను. ఆ యేడే తెలంగాణములోను, ఆంధ్రప్రదేశ్‌లోను కనబడెను. తలపై తలక్రిందులైన వై అక్షరపు గుర్తును, తోకవైపు చదరముగా నాలుగు చుక్కలును గల పురుగని ముందుగా తెలిసినవారు మొక్క సుడిలో వెదకి, గ్రుడ్లను, పిల్లపురుగులను ఏరివేయగలిగిరి. తెలియనివారు దానిని పాత పురుగులలో నొకటిగా నెంచి కాలము పోగొట్టుకొనిరి.

కావున రైతులు గమనింపవలసినవి:

1. పచ్చ యీగలు కనబడినంతనే మందు చల్లరాదు. అవి వ్రాలిన యాకులను తిప్పి, క్రింద పేనుబంకగాని నల్లిగాని యున్నదేమో చూడవలెను.

2. హానికర కీటకము మితిమీరినప్పుడే, అధికారి చెప్పిన మోతాదున మందు వాడవలెను.

3. మున్నెన్నడు నెరుగని పురుగు పైరుపై కనబడినచో, నలుపక, నాలుగైదింటిని స్పిరిటుగల చిన్న సీసాలో వేసి, గ్రామము, తేదీ, పైరు పేరు పెన్సిలుతో చీటిపై వ్రాసి లోపల నుంచి, వ్యవసాయ విస్తరణాధికారికిగాని కృషి విజ్ఞాన కేంద్రమునకుగాని తడవుసేయక యందజేయవలెను. సిరాతో వ్రాసినచో స్పిరిటులో అక్షరములు చెరగిపోవును. చీటి లేని నమూనా ఎక్కడిదో తెలియక నిరుపయోగమగును.