వేలమునకు వచ్చిన పందెపుబండి

ఇత్తడిబిందె సొట్టపడినచో తూకమునకే యమ్ముదుము. కుట్టుమిషను పాతబడినచో సగము వెలయైన రాదు. కాని 2012 సంవత్సరము జూన్ నెలలో ఇంగ్లండు దేశమున గుడ్‌వుడ్ అను చోట బోనమ్స్ వేలముపాటవారు 83 ఏండ్ల నాటి యొక మోటారుబండిని అమ్మకమునకు పెట్టగా, అది 50 లక్షల పౌనులకు పైగా పలికినది. అంతవరకు వేలమున ఏ బెంట్లీ బండికిని అంత వెల రాలేదు. ఆ బండిలో కూర్చుండుటకు ఒక్కరికే చోటు. పైకప్పు లేదు. కూరగాయల సంచి పెట్టుకొనుటకైనను తావు లేదు. కొన్నవారు ఇనుమును కొనలేదు, దాని చరిత్రను కొనిరి. ఆ చరిత్రలో ఒక స్త్రీ ధనము విశేషముగ చేరియున్నది గాన, సోదరీమణులకు దానిని విన్నవింపదలచితిమి.

బెంట్లీ బండ్లను నిర్మించిన డబ్ల్యు. ఓ. బెంట్లీగారికి ఒక సిద్ధాంతముండెను. వేగము కావలెనన్నచో యంత్రమునే పెద్దది చేయవలెను గాని, ఉన్నదానిని బలవంతపెట్టరాదని ఆయన మతము. ఆయన బండ్లను పందెములలో నడపుచుండిన సర్ హెన్రీ బర్కిన్ దీని కొప్పుకొనలేదు. కమ్మరి కొలిమికి తిత్తి యెట్టిదో, యంత్రమునకు సూపర్‌చార్జరు అట్టిది. గాలిని లోనికి బలముగ నెట్టి మంటను హెచ్చించును. నాలుగున్నర లీటర్ల యంత్రమునకు దీనిని తగిలించినచో 240 గుఱ్ఱముల బలము వచ్చును. ఆ తిత్తి బండి ముందుభాగమున మూతివలె పొడుచుకొని యుండుటచేత ఆ బండ్లకు ‘బ్లోయరు’ అను పేరు నిలిచినది.

ఉత్సాహము బర్కినుకు పుష్కలముగ నున్నను ధనము నిలువలేదు. అప్పుడు ముందుకు వచ్చినది డోరతీ పాజెట్. 1905లో జన్మించిన ఈమె తండ్రి ఆంగ్లేయ ప్రభువు, తల్లి అమెరికా శ్రీమంతుల బిడ్డ. తల్లివైపు నుండి వచ్చిన ఆస్తి అపారము. ఇరువదియైదేండ్లైన నిండని ఆ కన్య, పందెపుబండ్ల నిర్మాణమునకు, మరమ్మతులకు, పనివారి కూలికి తన పేటిక తెఱచినది. లెమాన్ పందెమున ప్రవేశము కావలెనన్నచో అట్టి బండ్లు 50 తయారుచేసి జనులకమ్మవలెనను నిబంధనముండుటచేత, బెంట్లీగారు మనసు లేకయే 50 బండ్లను కట్టించిరి.

1930లో ఫ్రాన్సు దేశమునందలి లెమాన్‌లో ఇరువదినాలుగు గంటల పందెము జరిగెను. అందు ఈమె బండ్లు రెండు పరుగెత్తినవి. బర్కిను జర్మను వీరుడగు కారచ్చియోలా నడపుచున్న మెర్సిడెసును తఱుముచు, చక్రముపై రబ్బరు ఊడిపోవుచుండినను లెక్కసేయక, బాటప్రక్కనున్న గడ్డిలోనుండి దానిని దాటిపోయెను. చూచినవారికి ఒడలు గగుర్పొడిచినది. కాని తుదకు మెర్సిడెసు ఆగిపోయినది, పాజెట్ బండ్లు రెండును ఆగిపోయినవి. నెగ్గినవి తిత్తి లేని పెద్దయంత్రపు బెంట్లీలే. బెంట్లీగారి మాటయే నిజమైనదని మా యభిప్రాయము. అయినను నేడు జనులు వెఱ్ఱిగ కోరుచున్నది ఓడిన బ్లోయరునే.

ఆ సంవత్సరము అక్టోబరులో పాజెట్ ధనసహాయమును మానుకొనెను. మఱుసటి యేడు బెంట్లీ కంపెనీయే అప్పులలో మునిగి రోల్సు రాయిసు వారి చేతికి పోయినది. ఆమె యొక్క బండిని మాత్రము విడువలేదు. 1929లో తొలుత పరుగెత్తి, పిమ్మట ఒక్క కూర్చుండుచోటు గల రూపము పొంది, ఎఱ్ఱరంగు వేయబడిన బండి యది. గుడ్‌వుడ్‌లో వేలము వేయబడినదియు ఇదియే.

దాని రంగస్థలము లండను సమీపమునందలి బ్రూక్‌లండ్స్. 1907లో సిమెంటుతో కట్టిన ఆ చుట్టుబాట మలుపులలో గోడవలె లేచియుండును, నడుమ గతుకులు. అధికవేగమున పోవు బండ్లు నేలవిడిచి గాలిలోని కెగురుచుండెను. 1932 మార్చి 24వ తేదీన బర్కిను ఇందు గంటకు 137.96 మైళ్ల వేగమున ఒక చుట్టు తిరిగి అందఱను మించెను. చుట్టునకు పట్టినది సుమారు 72 సెకండ్లు, పాలు పొంగులోపున అని మనము చెప్పుకొనవచ్చును. ఆ గొప్ప రెండేండ్లు చెక్కుచెదరలేదు.

ఆ ఆగస్టులోనే జాన్ కాబ్ అను నతని డెలాజ్ బండితో మూడు చుట్ల ద్వంద్వపందెము జరిగెను. డెలాజ్ యంత్రము పదిన్నర లీటర్లది, పండ్రెండు సిలిండర్లది. బర్కిను కడపట ఱెప్పపాటు వ్యవధిలో గెలిచెను. ఓడిన ఆ డెలాజ్ కథ యింకను కలదు. 1935లో దానిని కే పీటర్ అను స్త్రీ గంటకు 134.75 మైళ్ల వేగమున నడపినది. ఆమె యెత్తు అయిదడుగులైన లేదు. కాలు అందుటకై పెడళ్లకు కొయ్యదిమ్మెలు బిగించుకొనవలసి వచ్చెనట!

బర్కిను అప్పటికే లేడు. 1933 మే నెలలో ట్రిపోలీ పందెమున పొగగొట్టము తగిలి చేయి కాలెను. అతడు దానిని లక్ష్యపెట్టలేదు. ఆ పుండు విషమించెనని కొందఱు, యుద్ధకాలపు మలేరియా తిరుగబెట్టెనని కొందఱు చెప్పుదురు. జూన్ 22వ తేదీన గతించెను. వయస్సు 36.

పాజెట్ మాటకు వత్తుము. బండ్లవలన ఆమెకు దొరకని విజయమును గుఱ్ఱములు తెచ్చి యిచ్చినవి. ఆమె గోల్డెన్ మిల్లర్ 1932 మొదలు 1936 వఱకు ఐదేండ్లు వరుసగా చెల్టెనామ్ గోల్డు కప్పును, 1934లో గ్రాండ్ నేషనల్‌ను గెలిచెను. 1943లో డెర్బీ పందెమును ఆమె గుఱ్ఱమే గెలిచినది. 1960లో ఆమె మరణించెను. ఎఱ్ఱబండిని మాత్రము లోకము నేటికిని బర్కిను బండి యనియే పిలుచును. చమురునకు, చక్రములకు సొమ్మిచ్చినది ఎవరో అడిగినగాని చెప్పరు.

తరువాత అది జార్జి డేనియల్స్ అను ప్రసిద్ధుడగు గడియారముల పనివానికి చేరినది. ఆయన పదునొకండుగురు బిడ్డలుగల బీదయింట పెరిగి, గడియారమునందలి చిన్నభాగములను సయితము తన చేతితోనే చేయు నేర్పు సంపాదించినవాడు. ఆయన 2011లో గతింపగా, ఆయన కోరిక చొప్పున బండి విక్రయమయ్యెను. ఆ సొమ్ము ఆయన పేర నేర్పడిన విద్యానిధికి పోయినది. గడియారపుపని, ఇంజనీరింగు, వైద్యము మొదలగు విద్యలు నేర్చు బాలబాలికలకు ఆ నిధి సహాయపడును. మేము పంతులుగారి యింట మసలువారము. నెల మొదటివారమున బడిజీతము కట్టలేక గుమ్మమున నిలుచు పిల్లలను చూచియుందుము. ఆ వార్త చదివినపుడు బండి వేగము తరువాత జ్ఞప్తికి వచ్చినది, ఆ పిల్లలే ముందు మెదలిరి.