ఓడెక్కిన విశ్వవిద్యాలయం

'బాగా అలసిపోయారు, కొన్నాళ్లు అన్నీ పక్కనపెట్టి విశ్రాంతి తీసుకోండి' అని డాక్టరు చెబితే ఎవరైనా ఏం చేస్తారు? పిల్లాపాపలతో ఏ చల్లని ప్రదేశానికో వెళ్లి నాలుగు రోజులు గడిపి వస్తారు. అమెరికా రైల్వే దిగ్గజం ఎడ్వర్డ్ హారిమన్ కూడా అదే చేశాడు. కాకపోతే ఆయన ఎంచుకున్న చల్లని ప్రదేశం అలస్కా. గడిపింది రెండు నెలలు. ఓడలో ఉన్నది 126 మంది!

అది 1899. యూనియన్ పసిఫిక్ రైల్వేను నడిపిస్తున్న హారిమన్ కోరిక నిజానికి ఒకటే... అలస్కాలో ఎలుగుబంటిని వేటాడాలి. ఎలాగూ అంతదూరం ఓడ వెళ్తోంది, శాస్త్రానికీ పనికొస్తే బాగుంటుంది కదా అనిపించింది. వెంటనే వాషింగ్టన్ వెళ్లి జీవశాస్త్రవేత్త హార్ట్ మెరియంను కలిశాడు. మంచి శాస్త్రవేత్తలను పిలవండి, ఖర్చంతా తనదేనన్నాడు. అంతవరకూ హారిమన్ పేరైనా వినని మెరియం మొదట నమ్మలేదట!

పుస్తకాలూ... పాడి ఆవూ

'జార్జ్ డబ్ల్యు. ఎల్డర్' అనే పాత ఆవిరి ఓడకు కొత్త హంగులు అద్దారు. అలస్కా గురించిన సుమారు 500 పుస్తకాలతో గ్రంథాలయం, పరిశోధనలకు గదులు, పాల కోసం ఆవు, వంటకు కోళ్లూ గొర్రెలూ... అన్నీ ఓడలోనే. మే 31న సియాటిల్ రేవు నుంచి అది కదిలింది.

ప్రయాణికులూ సామాన్యులు కారు. ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్, రచయిత జాన్ బరోస్, భూగర్భ శాస్త్రవేత్త గిల్బర్ట్, పక్షుల బొమ్మలు గీయడంలో దిట్ట పాతికేళ్ల ఫుయెర్టెస్, ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ కర్టిస్... ఇలా ఎందరో. పగలు చిన్న పడవల్లో ఒడ్డుకెళ్లి మొక్కలూ పురుగులూ రాళ్లూ ఏరుకొచ్చేవారు. సాయంత్రం ఎవరో ఒకరు తమకు తెలిసింది మిగతావారికి ఉపన్యాసంగా చెప్పేవారు. హారిమన్ పిల్లలూ ఆ ఓడలోనే ఉన్నారు. ఏడేళ్ల ఏవరెల్ ఆ వేసవిలో సైబీరియా తీరాన్నీ చూశాడు. తర్వాత 1943లో అమెరికా రాయబారిగా మాస్కో వెళ్లింది అతడే!

సరదాలకూ కొదవలేదు. అలల దెబ్బకు కడుపులో తిప్పి విసిగిపోయిన బరోస్, బేరింగ్ సముద్రంలోకి వెళ్లేముందు పెట్టె పట్టుకుని దిగిపోబోయాడు. తోటివాళ్లు పట్టుకుని మళ్లీ ఓడెక్కించారు.

మ్యాపులో లేని దారి

జూన్ చివర్లో ఓడ ప్రిన్స్ విలియం సౌండ్ చేరింది. మ్యాపు ప్రకారం అక్కడ బ్యారీ హిమానీనదం దగ్గర దారి ముగిసిపోవాలి. కానీ మంచుగోడకూ కొండకూ మధ్య సన్నటి సందు కనిపించింది. లోతెంతో తెలియని నీళ్లు... ఓడ నడిపేవారు వెనకాడారు. బాధ్యత తనదంటూ హారిమన్ ముందుకే పోనిమ్మన్నాడు. అవతల ఎవరూ మ్యాపుకెక్కించని పొడవాటి సముద్రపాయ, దానిలోకి దిగుతున్న హిమానీనదాలు! దానికి హారిమన్ పేరే పెట్టారు.

ఇప్పుడు ఆ దారిలో ప్రమాదం పొంచి ఉంది. బ్యారీ హిమానీనదం కరిగి వెనక్కి తగ్గడంతో, దాని ఆసరాతో నిలిచిన కొండవాలు కదులుతోంది. అది ఒక్కసారిగా కూలితే సునామీ వచ్చే ప్రమాదముందని 2020లో శాస్త్రవేత్తలు హెచ్చరించారు. మంచు ఎంత తగ్గిందో లెక్కగట్టేందుకు నాటి ఫొటోలూ కొలతలూ అక్కరకొస్తున్నాయి.

ఆ ఊళ్లో ఎవరూ లేరని...

తిరుగు ప్రయాణంలో, జులై చివర్లో ఓడ కేప్ ఫాక్స్ దగ్గర ఆగింది. అది ట్లింగిట్ తెగవారి ఊరు. ఇళ్ల ముందు ఎత్తయిన టోటెం స్తంభాలున్నాయి గానీ మనుషుల్లేరు. మశూచితో దెబ్బతిన్న ఆ జనం కొన్నేళ్ల కిందటే శాక్స్‌మన్ అనే చోటికి తరలిపోయారు. ఎవరూ లేరు కాబట్టి ఎవరివీ కావనుకున్నారు యాత్రికులు. వంశాల చరిత్రను చెప్పే ఆ స్తంభాలను పెకలించి ఓడకెక్కించారు. మ్యూర్‌కు మాత్రం ఇది నచ్చలేదు. స్తంభాలు మ్యూజియాలకు చేరాయి.

జులై 30న ఓడ సియాటిల్ చేరేసరికి చుట్టివచ్చిన దూరం సుమారు 9 వేల మైళ్లు. అయిదు వేలకు పైగా ఫొటోలు, శాస్త్రానికి కొత్తవైన దాదాపు 600 జాతులు... ఆ సరంజామా అంతటినీ సంపుటాలుగా తెచ్చేందుకు మెరియంకు ఏళ్లు పట్టింది. కర్టిస్ తర్వాతి ముప్పయ్యేళ్లూ అమెరికా ఆదివాసుల జీవితాన్ని ఫొటోలు తీస్తూనే గడిపాడు.

కేప్ ఫాక్స్ వాళ్లు మాత్రం పోయినవాటిని మరచిపోలేదు. ఆదివాసుల పవిత్ర వస్తువులను తిరిగివ్వాలంటూ 1990లో అమెరికాలో చట్టం వచ్చింది. 2001లో స్మిత్ కాలేజీ ఆధ్వర్యంలో మరో బృందం అదే తీరం వెంట ఓడలో బయల్దేరింది. ఈసారి ఓడ తెచ్చుకోవడానికి కాదు, ఇవ్వడానికి వెళ్లింది. హార్వర్డ్, కార్నెల్, షికాగో ఫీల్డ్ మ్యూజియం తదితర సంస్థల్లోని వస్తువులు 102 ఏళ్ల తర్వాత సొంత మనుషుల్ని చేరాయి. స్తంభాలను చూసి పెద్దవాళ్లు కంటతడి పెట్టుకున్నారు.

అంతటితో ఊరుకోలేదు వాళ్లు. తమ వస్తువులు తిరిగిచ్చినందుకు కృతజ్ఞతగా సెడార్ మాను కానుకగా ఇచ్చారు. ట్లింగిట్ శిల్పి నేథన్ జాక్సన్ దాన్ని కొత్త టోటెం స్తంభంగా చెక్కాడు. హార్వర్డ్‌లోని పీబడీ మ్యూజియానికి చేరిన ఆ స్తంభం... అడిగి తెచ్చుకున్నది కాదు, ఎత్తుకొచ్చిందీ కాదు. మనసారా ఇచ్చింది!