ట్యాపెట్ సౌండ్ ఆగిపోతే సంతోషించకండి

పెనుకొండ పక్కన ఎర్రమంచిలోని కియా కర్మాగారం నుంచి 2019లో సెల్టోస్ కార్లు బయటికి రావడం మొదలైంది. అటు హిందూపురం, ఇటు ధర్మవరం గ్యారేజీలకు పాత మారుతీలు, జీపులు కూడా వస్తూనే ఉంటాయి. వాటి ఓనర్లు తరచుగా చెప్పే మాట: ‘ట్యాపెట్ సౌండ్ వస్తోంది, కాస్త టైట్ చెయ్యి.’ ఆ సౌండ్ పూర్తిగా పోయేలా టైట్ చేస్తే ఇంజన్‌కు అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది.

సిలిండర్‌లోకి గాలి, పెట్రోలు వచ్చే దారికి ఒక వాల్వు, పొగ పోయే దారికి మరొకటి. క్యామ్ షాఫ్ట్ తిరుగుతూ వాటిని తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుంటుంది. వాల్వు మూసుకున్నప్పుడు దానికీ, రాకర్ ఆర్మ్ లాంటి దాన్ని నొక్కే భాగానికీ మధ్య చిన్న సందు మిగలాలి. చాలా కార్లలో అది 0.15 నుంచి 0.30 మిల్లీమీటర్ల మధ్యే.

సందు వదలడానికి కారణం వేడి. 100 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.12 మి.మీ. సాగుతుంది. పొగ వాల్వు తల 700 డిగ్రీలు దాటుతుంది కాబట్టే దానికి సందు ఎక్కువ ఇస్తారు. అయితే వాల్వు ఒక్కటే సాగదు, అల్యూమినియం హెడ్ కూడా సాగుతుంది. అదీ ఉక్కుకు దాదాపు రెట్టింపు. అందుకే కొన్ని ఇంజన్లలో గాలి వాల్వు సందుకు ఇంజన్ చల్లగా ఉంటే ఒక లెక్క, వేడిగా ఉంటే అంతకంటే ఎక్కువ లెక్క ఉంటుంది. వేడి ఇంజన్‌కు చల్లటి లెక్క పెడితే సెట్టింగ్ తప్పినట్టే.

సందు పెరిగితే టకటకమనే ట్యాపెట్ సౌండ్ వినిపిస్తుంది. వాల్వు ఆలస్యంగా తెరుచుకుని ముందే మూసుకుంటుంది, పికప్ కొంత తగ్గుతుంది. సందు లేకపోతే వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు. వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని వదిలించుకునేది ఆ సీటు ద్వారానే. ఆ దారి మూసుకుపోయి, వాల్వుకూ సీటుకూ మధ్య నుంచి మంట దూసుకుపోతుంటే వాల్వు అంచు కాలిపోతుంది. ఇదంతా ఏ చప్పుడూ లేకుండా జరుగుతుంది.

రాకర్ ఆర్మ్‌కు స్క్రూ ఉన్న ఇంజన్‌లో సెట్టింగ్ చేతిపని. ఏ సిలిండర్‌కు చేస్తున్నారో దాని పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి రావాలి, అప్పుడు రెండు వాల్వులూ మూసి ఉంటాయి. లాక్ నట్ వదులు చేసి, సందులో దాన్ని కొలిచే ఫీలర్ గేజ్ రేకు పెట్టి, స్క్రూ తిప్పుతారు. రేకు లాగితే చేతికి కొంచెం పట్టు తగలాలి, ఇరుక్కుపోకూడదు. నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా దాంతోపాటు కదులుతుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో కదలకుండా పట్టుకుని బిగించి, రేకు మళ్లీ పెట్టి చూస్తారు. మంచి మెకానిక్ ఈ రెండోసారి చూడటాన్ని ఎన్నడూ మానడు.

హ్యుందయ్, కియాల గామా రకం పెట్రోలు ఇంజన్లలో స్క్రూ ఉండదు. క్యామ్ కింద గిన్నెలాంటి ట్యాపెట్ ఉంటుంది. 3.000 నుంచి 3.690 మి.మీ. దాకా, 0.015 తేడాతో 47 మందాల్లో దొరుకుతుంది. సందు 0.20 ఉండాల్సిన చోట 0.125 ఉంటే తేడా 0.075. 3.300 ట్యాపెట్ తీసి 3.225ది వేయాలి. దానికి క్యామ్ షాఫ్ట్ విప్పక తప్పదు కాబట్టి పని ఖరీదైనదే, కానీ చాలా అరుదుగా పడుతుంది. హైడ్రాలిక్ ట్యాపెట్లున్న ఇంజన్లలో ఆయిల్ ఒత్తిడే సందును ఎప్పటికప్పుడు పూడుస్తుంది. అక్కడ సెట్టింగ్ ఉండదు, ఆయిల్ మాత్రం శుభ్రంగా ఉండాలి.

ఎక్కువ జాగ్రత్త పడాల్సింది పాత పెట్రోలు కారుకు గ్యాస్ కిట్ పెట్టించినవాళ్లు. గ్యాస్‌తో నడిస్తే వాల్వు సీటు త్వరగా అరుగుతుంది, వాల్వు హెడ్‌లోకి ఇంకా లోపలికి కూర్చుంటుంది. దాంతో సందు పెరగదు, తగ్గుతుంది. పొద్దున స్టార్టింగ్ మొరాయించినా, ఐడిలింగ్‌లో బండి వణికినా ప్లగ్గులు మార్చేముందు ఇంజన్‌ను రాత్రంతా చల్లారనిచ్చి సందు కొలిపించండి.