గుంటుపల్లి గుహలపై పాలపుంత.. చీకటి మిగిలితేనే చిత్రం

తణుకు: మృగశిర కార్తె ఎప్పుడు ప్రవేశిస్తుందో, ఆరుద్ర కార్తెలో ఏ పనికి పూనుకోవాలో డెల్టా రైతులకు ఒకరు చెప్పనవసరం లేదు. అయితే ఆ పేర్లు గల నక్షత్రాలను ఆకాశంలో వేలుపెట్టి చూపగలిగే వారు నానాటికీ తగ్గిపోతున్నారు. వినాయక చవితికి పాలవెల్లి కట్టే ఇళ్లలోనూ, అదే పేరుతో మింట పరచుకొని ఉండే పాలపుంతను ఒక్కసారైనా చూడని పిల్లలు ఉన్నారు. తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు పట్టణాల వీధి దీపాలు, జాతీయ రహదారి వెలుగులు, చెరువు గట్లపై వెలిగే దీపాలు కలిసి ఆకాశాన్ని బూడిదరంగుకు మార్చడమే ఇందుకు కారణం.

ప్రాచీన శిథిలాలను, శిలాచిత్రాలను ముందు నిలిపి, వాటి వెనుక నక్షత్రాలను ఛాయాచిత్రంగా తీసే వ్యాపకం ఎడారి దేశాల్లో ఎంతో ప్రాచుర్యం పొందింది. పొడి గాలి, మబ్బులేని మింట, దరిదాపుల్లో ఊళ్లు లేకపోవడం అక్కడి అనుకూలతలు. ఎడారి లేని గోదావరి సీమలో అందుకు దగ్గరగా వచ్చే చోటు ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలోని గుంటుపల్లి. ఇక్కడ అడ్డంకి కెమెరా కాదు, చీకటి కొరత.

రెండు వేల ఏళ్ల కొండ

జీలకర్రగూడెం శివారు కొండపై ఉన్న గుంటుపల్లి బౌద్ధ క్షేత్రం క్రీస్తుపూర్వపు శతాబ్దాలకు చెందినది. కొండను తొలిచి చేసిన గుండ్రని చైత్యగృహం, భిక్షువులు నివసించిన విహారాలు, వరుసలు తీరిన స్తూపాలు ఇక్కడ ఉన్నాయి. చైత్యగృహం పైకప్పులో కొయ్య వాసాలను పోలిన రాతి వాసాలు కనిపిస్తాయి. కొయ్య ఇంటి నమూనాను రాతిలోకి తెచ్చిన ఈ పద్ధతి బిహార్‌లోని బరాబర్ గుహలను గుర్తుచేస్తుంది. లోపలి స్తూపాన్ని పరిసర గ్రామాల వారు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు. కళింగ, మహిషక దేశాలకు అధిపతిగా చెప్పుకున్న మహామేఘవాహన వంశపు సిరిసద అనే రాజు శాసనం కూడా ఇక్కడే లభించింది.

వర్షావాసం మూడు నెలలూ ఒకేచోట గడిపిన భిక్షువులకు నెల తిథులు, రుతువులు తెలిసేది ఆకాశాన్ని బట్టే. పున్నమి, అమావాస్యలు వారి సంఘ జీవనానికి ఆధారం. వారు నూనె దీపాల మధ్య నుంచి చూసిన ఆకాశం, నేటి సందర్శకునికి కనిపించే ఆకాశం ఒకటి కావు. రాళ్లను కాపాడుకున్నంతగా వాటిపైనున్న చీకటిని కాపాడుకోలేదు.

దక్షిణాన వెలుగు గోడ

పాలపుంతలో అత్యంత ప్రకాశవంతమైన భాగం దాని కేంద్రం. మన పంచాంగ భాషలో చెప్పాలంటే అది మూల, పూర్వాషాఢ నక్షత్రాల సమీపంలో ఉంటుంది. గుంటుపల్లి అక్షాంశం సుమారు 17 డిగ్రీలు కాబట్టి, ఆ కేంద్రం ఇక్కడ దక్షిణ దిక్కున దాదాపు 44 డిగ్రీల ఎత్తు వరకు చేరుతుంది. ఐరోపాలో 50 డిగ్రీల అక్షాంశంపై ఉన్నవారికి అది 11 డిగ్రీలకు మించి లేవదు. ఈ విషయంలో తెలుగు నేల అదృష్టం చేసుకున్నదే.

చిక్కల్లా దిక్కుతోనే. గుంటుపల్లికి నేరుగా దక్షిణాన ఏలూరు, ఆ వెనుక కొల్లేరు చేపల చెరువుల ప్రాంతం ఉన్నాయి. ఆగ్నేయాన తాడేపల్లిగూడెం, తణుకు ఉన్నాయి. పాలపుంత కేంద్రం ఆగ్నేయాన ఉదయించి దక్షిణాన శిఖరానికి చేరుతుంది. అంటే ఛాయాగ్రాహకుడు కెమెరాను తిప్పవలసిన దిక్కున్నే డెల్టా వెలుగంతా గోడ కట్టినట్లు నిలుస్తుంది. డెల్టా గాలిలోని తేమ, ధూళి కణాలు ఆ వెలుగును చెదరగొట్టి మరింత పైకి వ్యాపింపజేస్తాయి. నీలికాంతి పాళ్లు ఎక్కువగా ఉండే తెల్లని ఎల్‌ఈడీ దీపాల వెలుగు, పసుపు దీపాల వెలుగు కంటే ఎక్కువగా చెదురుతుంది.

ఇది ఒక్క జిల్లా సమస్య కాదు. 2016లో వెలువడిన ప్రపంచ కృత్రిమ కాంతి పటం ప్రకారం మానవాళిలో మూడింట ఒక వంతు మందికి పైగా తమ ఇంటివద్ద పాలపుంతను చూడలేరు. 2011 నుంచి 2022 వరకు వివిధ దేశాల పౌరులు నమోదు చేసిన 51 వేలకు పైగా పరిశీలనలను విశ్లేషించిన అధ్యయనం 2023లో సైన్స్ పత్రికలో వెలువడింది. రాత్రి ఆకాశపు వెలుగు ఏటా సగటున 9.6 శాతం చొప్పున పెరుగుతున్నట్లు అందులో తేలింది. ఆ లెక్కన ఎనిమిదేళ్లు తిరగకముందే వెలుగు రెట్టింపవుతుంది. పుట్టినప్పుడు 250 చుక్కలు కనిపించే చోట పెరిగిన బిడ్డకు, పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి వందే మిగులుతాయని ఆ అధ్యయనకర్తలు లెక్కగట్టారు.

కార్తెలే క్యాలెండరు

ఏ నెలలో ఏది కనిపిస్తుందో తెలుసుకోవడానికి రైతుల కార్తెల లెక్క చాలు. సూర్యుడు ఏ నక్షత్రంతో కలిసి ఉంటే అది ఆ కార్తె. అందుచేత మృగశిర కార్తెలో మృగశిర నక్షత్రం రాత్రి కనబడదు. దానికి ఎదుటి వైపున ఉండే మూల అర్ధరాత్రి వేళ నడిమింటికి దక్షిణంగా వెలుగుతుంది. పాలపుంత కేంద్రానికి జూన్ మూడో వారమే మేలైన సమయం. సరిగ్గా అప్పుడే నైరుతి రుతుపవనాలు కోస్తాను కమ్ముకుంటాయి. కాబట్టి తెలుగు ఛాయాగ్రాహకునికి దక్కే వ్యవధి వర్షాలకు ముందున్న వేసవే.

మార్చి మధ్యలో కేంద్రభాగం రాత్రి ఒంటి గంట ప్రాంతంలో ఉదయిస్తుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల వేళ చిత్రానికి అనువుగా ఉంటుంది. ఏప్రిల్ మూడో వారంలో రాత్రి పదకొండుకు ముందే, మే మూడో వారంలో తొమ్మిది లోపే పైకి వస్తుంది. ఉగాది అమావాస్య మరునాడే వస్తుంది గనుక ఆ పండుగకు ముందు వెనుకల నాలుగైదు రాత్రులు చంద్రకాంతి బెడద లేనివి. వానలు వెనుదిరిగాక అక్టోబరు చివర సాయంత్రం పూట నైరుతి దిక్కున కొద్దిసేపు మళ్లీ కనిపిస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో కేంద్రం ఉండదు. మృగశిర, ఆరుద్ర, కృత్తికలు నడినెత్తిన ఉంటాయి. అయితే కొల్లేటి చుట్టుపక్కల పొగమంచు అర్ధరాత్రి దాటాక అడ్డుపడుతుంది.

వైశాఖ పున్నమి రాత్రి పాలపుంత కనిపించదు. కానీ నిండు వెన్నెల రాళ్లపై పరచుకొని, దీపం లేకుండానే కట్టడపు రూపురేఖలు చిత్రంలో స్పష్టంగా వస్తాయి. బుద్ధుని జన్మదినమైన ఆ రాత్రికి బౌద్ధ క్షేత్రపు చిత్రం మరింత తగినది.

కెమెరాలో జరిగేది ఇదీ

చీకటిలో కంటికి అందని వెలుగును కెమెరా కొన్ని సెకన్లపాటు పోగుచేసుకుంటుంది. అందుకు ముందుగా కావలసినది కదలని ట్రైపాడ్. ఆపై వెడల్పాటి దృశ్యాన్ని పట్టే లెన్స్. దాని కంతను ఎఫ్ 2.8 వరకు తెరచి, ఐఎస్‌ఓను 1600 నుంచి 6400 మధ్య ఉంచుతారు. షట్టరు ఎంతసేపు తెరచి ఉంచాలన్నదానికి ‘500 సూత్రం’ అనే మోటు లెక్క ఉంది. 500ను లెన్స్ నాభ్యంతరంతో భాగిస్తే సెకన్లు వస్తాయి. 20 మిల్లీమీటర్ల లెన్స్‌కు 25 సెకన్లు. చిన్న సెన్సరు గల కెమెరాల్లో ఆ ఫలితాన్ని మళ్లీ 1.5తో భాగించాలి. అంతకు మించితే చుక్కలు గీతలుగా సాగుతాయి. భూభ్రమణం వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున కదలడమే దీనికి కారణం.

ఆ కదలికనే చిత్రంగా మలచాలనుకునేవారు కెమెరాను ఉత్తరానికి తిప్పి, గంటా రెండు గంటలపాటు వరుసగా చిత్రాలు తీసి కలుపుతారు. ధ్రువ నక్షత్రం చుట్టూ వలయాలు ఏర్పడతాయి. మన ప్రాంతంలో ధ్రువుడు దిగంతం నుంచి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు గనుక కొండ అంచు సులభంగా చట్రంలోకి వస్తుంది. ఆటోఫోకస్ చీకటిలో పనిచేయదు. తెరపై ఒక ప్రకాశవంతమైన చుక్కను పెద్దది చేసి చేతితో ఫోకస్ సరిచేసుకోవాలి. డెల్టాలో లెన్స్‌పై మంచు చేరడం సాధారణం కనుక మెత్తని పొడిగుడ్డ దగ్గరుంచుకోవడం మేలు. రాత్రి చిత్రాలకు ప్రత్యేక ఏర్పాటున్న సెల్‌ఫోన్లూ ట్రైపాడ్‌పై నిలిపితే పనికివస్తాయి.

నేలను సంధ్యవేళ, ఆకాశాన్ని అర్ధరాత్రి తీసి ఒకే చిత్రంగా కలపడం ఈ రంగంలో మామూలే. అయితే ఆ మాట చిత్రం కింద రాయడం మర్యాద. ఒక చోటి ఆకాశాన్ని మరో చోటి శిథిలంపై అతికించినది ఛాయాచిత్రం అనిపించుకోదు.

రాతిపై దీపం వద్దు

గుంటుపల్లి భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్న క్షేత్రం. రక్షిత కట్టడాల్లోకి సాధారణంగా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే ప్రవేశం ఉంటుంది. రాత్రివేళ చిత్రీకరణకు, ట్రైపాడ్ వాడకానికి శాఖ నుంచి ముందస్తు అనుమతి తప్పనిసరి. అనుమతి లేనివారు రక్షిత ప్రాంతంలో అడుగుపెట్టకుండా, బయటి బాట నుంచి కొండ నీడరూపాన్ని చిత్రంలోకి తెచ్చుకోవచ్చు. వేసవి రాత్రుల్లో పాముల సంచారం ఉంటుంది కనుక ఒంటరిగా వెళ్లరాదు.

చీకట్లో టార్చితో కట్టడంపై వెలుగు పూసే అలవాటు చాలామందిలో ఉంది. ఎడారి శిథిలాలకు, శిలాచిత్రాలకు పేరుపడిన అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఆర్చెస్, కాన్యన్‌లాండ్స్ జాతీయ పార్కులు రాత్రి చిత్రాల కోసం ఇలా దీపాలు వాడడాన్ని నిషేధించాయి. పక్కవారి చిత్రాలు పాడవడం, నిశాచర జీవులు బెదరడం, చూపు చీకటికి అలవాటు పడకపోవడం దీనివల్ల కలిగే నష్టాలు. గుంటుపల్లి వంటి చోట గుహల్లోని గబ్బిలాలకూ అది చేటే.

శిలాచిత్రాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కేతవరం వద్ద రాతి చరియలపై ఆదిమానవులు ఎర్రని రంగుతో గీసిన జంతువుల, మనుషుల బొమ్మలు ఉన్నాయి. ఇటువంటి చోట్ల రంగు ఉబికి కనిపించాలని నీళ్లు చల్లడం, సుద్దతో గీతలు దిద్దడం, చలిమంటలు వేయడం బొమ్మలకు ప్రాణాంతకం. వేల ఏళ్లు ఎండకు వానకు తట్టుకున్న రంగు ఒక్క రాత్రి పొగకు మసిబారుతుంది.

నక్షత్రాలను చెక్కిన రాయి

పూర్వులు ఆకాశాన్ని రాతిపైకే దించిన చోటు తెలంగాణలో ఉంది. నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలోని ముడుమాల్‌లో, కృష్ణానది ఒడ్డున, మనిషికి రెండింతల ఎత్తున నిలువురాళ్లు ఉన్నాయి. అక్కడి ఒక బండపై చెక్కిన గుంటలు సప్తర్షి మండలపు అమరికను పోలి ఉన్నాయని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చెందిన పురావస్తు ఆచార్యులు కె.పి.రావు గుర్తించారు. ముడుమాల్ 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది.

ఆ ప్రాచీనులు చూసిన ఆకాశంలో ధ్రువస్థానం వేరు. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరుగుతూ, సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున దిశ మార్చుకుంటుంది. ఉత్తరాయణం డిసెంబరు 21, 22 తేదీల్లోనే మొదలవుతున్నా మకర సంక్రాంతి జనవరి నడుమ రావడానికి కారణం ఈ అయన చలనమే. గుంటుపల్లి గుహలను తొలిచిన కాలంలో నేటి ధ్రువ నక్షత్రం అసలు ధ్రువానికి సుమారు 12 డిగ్రీల దూరంలో తానూ వలయం తిరుగుతూ ఉండేది.

ఖర్చులేని రక్షణ

చీకటిని వారసత్వంగా ప్రకటించే పద్ధతి 2007లో యూటాలోని నేచురల్ బ్రిడ్జెస్ ప్రాంతంతో ఆరంభమైంది. ప్రాచీన ప్యూబ్లో ప్రజల శిథిలాలు గల ఆ ఎడారి లోయ ప్రపంచంలో తొలి అంతర్జాతీయ చీకటి ఆకాశ పార్కు. మన దేశంలో లదాఖ్‌లోని హాన్లే 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతమైంది. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి 2024లో ఈ గుర్తింపు లభించింది.

రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణాలపై నిషేధం, ఆపై 200 మీటర్ల వరకు నియంత్రణ ఉండాలని 2010లో సవరించిన చట్టం చెబుతోంది. వెలుగుకు మాత్రం అలాంటి హద్దు ఏదీ లేదు. వెలుగు 35 కిలోమీటర్ల దూరంలోని ఏలూరు నుంచీ వస్తుంది.

అయితే నదీ కాలుష్యంలా ఇది ఏళ్ల తరబడి పేరుకుపోయేది కాదు. దీపం ఆర్పిన మరుక్షణం చీకటి తిరిగి వస్తుంది. వీధి దీపాలకు పైనుంచి మూత అమర్చి వెలుగు నేలకే పడేలా చూడడం, తెల్లని కాంతి బదులు పసుపు ఛాయ బల్బులు వాడడం, అవసరం తీరాక అర్ధరాత్రి తర్వాత వెలుగు తగ్గించడం పంచాయతీలు, పురపాలక సంఘాలు చేయగల పనులే. చెరువు గట్లపై దీపాలకు కింది చూపు డోములు అమర్చితే కాపలాకు లోటు రాదు. రాత్రిపూట ఎగిరే కొల్లేటి వలస పక్షులకు దారి తప్పే ముప్పూ తగ్గుతుంది. ఆకాశంలోకి వృథాగా పోయే వెలుగు తగ్గితే ఆ మేరకు కరెంటు బిల్లూ ఆదా అవుతుంది.