పాత ఫోర్డుకు స్టీరింగు బాక్సు

బళ్ళారిలో ఒక లారీ ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా గుమాస్తాగా కూర్చున్నవాళ్ళం మేము. మా చేతికి అంటేది సిరా గాని గ్రీజు కాదు. అయినా షెడ్డు నుంచి వచ్చే బిల్లులలో 'స్టీరింగు బాక్సు రిపేరు' అన్న పద్దు రాసి రాసి, అదేమిటో చూడవలెనన్న కుతూహలం పుట్టి, మేస్త్రి పక్కన నిలబడి చాలాసార్లు చూశాము. ఆ చూపు ఇన్నేళ్ళకు అమెరికాలో ఉన్న మా మేనల్లుడికి కొంత పనికివచ్చింది. పూర్తిగా పనికివచ్చిందని చెప్పుకోలేము. అసలు తప్పు పట్టినది మేము కాదు, మా అక్కయ్య. ఆ సంగతి తరువాత చెప్తాము.

మేనల్లుడు కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్ళ క్రిందట 1930 నాటి ఫోర్డు 'మోడల్ ఏ' బండి ఒకటి కొన్నాడు. బండి అన్నది పేరుకే. ఇంజను లేదు, సీట్లు లేవు. తుప్పు పట్టిన ఛాసిస్సు, దాని మీద తలుపులు సరిగా పడని డొక్కు, అంతే. దానిలో 1950 ప్రాంతపు ఫోర్డు వి-8 ఇంజను ఎక్కించి 'హాట్ రాడ్' చేస్తానన్నాడు. ఈ మాట మన ఇళ్ళలో వినబడేది కాదు గనుక కొంచెం చెప్పవలసి ఉన్నది.

1920, 30లలోని పాత బండిని, అందులోనూ ముఖ్యంగా ఫోర్డును తీసుకొని, అక్కరలేని బరువంతా ఊడదీసి, బలమైన ఇంజను బిగించి, వేగానికి తయారు చేసినదే హాట్ రాడ్. దక్షిణ కాలిఫోర్నియాలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ అనే ఎండిన సరస్సులున్నవి. నేల బల్లపరుపుగా, మైళ్ళ తరబడి అడ్డం లేకుండా ఉంటుంది. కుర్రవాళ్ళు తమ బళ్ళను అక్కడికి తోలుకుపోయి ఎవరిది ఎంత వేగమో గడియారం పెట్టి చూసుకొనేవారు. 1937లో వాళ్ళ క్లబ్బులు కలిసి ఒక సంఘంగా ఏర్పడినవి. 1948 జనవరిలో 'హాట్ రాడ్' అనే పేరుతోనే పత్రిక కూడా వచ్చింది. కొత్త బండి కొనే తాహతు లేనివాళ్ళు పాత సామాను దుకాణాలలో ఏరుకొచ్చి కట్టుకున్న బళ్ళే ఇందులో ఎక్కువ. అందుచేత మా వంటి జీతగాళ్ళకు ఆ కుర్రవాళ్ళ మీద కొంత అభిమానం కలగడం సహజమే.

మోడల్ ఏ బండికి కంపెనీ ఇచ్చిన ఇంజను 40 గుర్రాల బలం గలది. మావాడు పెట్టదలచినది 100 గుర్రాలది. గుర్రాలను రెండున్నర రెట్లు చేసి పగ్గం మాత్రం తొంభై ఏళ్ళ నాటిది ఉంచితే ఎట్లా? అక్కడ మొదలైనది ఈ స్టీరింగు బాక్సు వ్యవహారం.

మనం తిప్పే చక్రం నుంచి ఒక కడ్డీ క్రిందికి దిగుతుంది. దాని కొసన మరమేకు వలె చుట్లు తిరిగిన ముక్క ఉంటుంది. దాన్ని 'వర్మ్' అంటారు. ఆ చుట్లలో ఇమిడే పళ్ళతో ఒక చక్రపు ముక్క ఉంటుంది. అది 'సెక్టారు'. మేకు తిరిగితే పళ్ళు కదులుతవి, పళ్ళు కదిలితే అడ్డంగా ఉన్న ఇరుసు కొద్దిగా తిరుగుతుంది. ఆ ఇరుసుకు బిగించిన చేయి ముందుకూ వెనక్కూ ఊగి, ఒక పొడుగాటి కడ్డీని నెట్టి, ముందు చక్రాలను తిప్పుతుంది. ఈ చేయిని మన షెడ్డులలో 'డ్రాప్ ఆర్మ్' అంటారు, అమెరికాలో 'పిట్‌మన్ ఆర్మ్' అంటారు. పొడుగు కడ్డీ మాత్రం ఇక్కడా అక్కడా 'డ్రాగ్ లింకే'. మేకూ పళ్ళూ నూనెలో మునిగి ఉండే ఇనుప డబ్బాయే స్టీరింగు బాక్సు.

చేతిలోని చక్రం ఎంత తిరిగితే క్రింది చేయి ఎంత కదులుతుందన్నది మొదటి లెక్క. ఫోర్డు కంపెనీవారి తొలి మోడల్ టీ బళ్ళలో ఇది 4కు 1. చక్రం కాస్త కదిపితే బండి వాగులోకి పోయేది. మోడల్ ఏ మొదటి బళ్ళలో ఏడు పళ్ళ సెక్టారు పెట్టి 11.25కు 1 చేశారు. తరువాత రెండు పళ్ళది పెట్టి 13కు 1 చేశారు. అంకె పెరిగినకొద్దీ చేతికి తేలిక, కాని తిప్పవలసిన చుట్లు ఎక్కువ. మా లారీ డ్రైవర్లకు ఈ అంకెలు తెలియవు గాని చేతులు చెప్తవి. 'ఈ బండి భుజాలు తీస్తున్నది సార్' అంటే అంకె చిన్నదో, మందు తక్కువైందో అన్నమాట. మందంటే గ్రీజు.

మేనల్లుడి ముందు నాలుగు దారులున్నవి. పాత బాక్సునే విప్పి, కొత్త మేకూ పళ్ళూ వేసి బాగుచేయడం ఒకటి. ఆ సామాను ఇప్పటికీ కొత్తగా తయారై అక్కడ దొరుకుతుంది. బండిని కంపెనీ చేసినట్లే నడుపుకొనేవాళ్ళకు ఇంతకు మించినది లేదు. రెండవది, 1948 నుంచి 52 వరకు వచ్చిన ఫోర్డు 'ఎఫ్-1' చిన్న లారీ బాక్సు. దీనిలో సెక్టారు పళ్ళ బదులు బేరింగు మీద తిరిగే రోలరు ఉన్నది, రాపిడి తక్కువ. లెక్క సుమారు 18కి 1. ఇరుసు ఛాసిస్సు గుండా బయటికి వచ్చి, డ్రాగ్ లింకు బండి ప్రక్కగా ముందుకు పోతుంది, మోడల్ ఏలో వలెనే. మూడవది, 1970ల నాటి షెవ్రొలే 'వేగా' అనే చిన్నకారు బాక్సు. దీన్ని ముందర ఛాసిస్సు లోపలి వైపు బిగించి, లింకును అడ్డంగా అవతలి చక్రానికి వేస్తారు. ప్రక్కన లింకు కనబడదు గనుక చూపుకు శుభ్రంగా ఉంటుంది. కాని ఈ పాత ఫోర్డులకు ముందర ఒకే ఒక పట్టాల స్ప్రింగు అడ్డంగా ఉంటుంది. దాని కొసలు ఊగేవి గనుక యాక్సిల్ అటూ ఇటూ జరుగుతుంది. జరిగినప్పుడల్లా అడ్డపు లింకు చక్రాలను లాగుతుంది. అందుచేత యాక్సిల్ ప్రక్కకు జరగకుండా 'పాన్‌హార్డ్ బార్' అనే కడ్డీ ఒకటి తప్పనిసరిగా వేయవలె. నాలుగవది, ఈనాటి కార్లలోని రాక్ పినియను. అది చక్రాలు విడివిడిగా ఆడే బళ్ళకు బాగు. ఒకే ఇనుప దూలం వంటి యాక్సిల్‌కు పొసగడం కష్టం.

ఇంతగా విచారించి మావాడు చేసిన పని, ఈ నాలుగూ కాదని అయిదవది కొనడం! పాత సామానులో ఏదో తరువాతి కాలపు కారు బాక్సు చౌకగా దొరికిందట. బాగా బిగువుగా ఉన్నదట. చౌక అన్నమాటకు లొంగనివాడెవడు? మేము కూడా బిగువుగా ఉంటే చాలు, వేసెయ్యమన్నాము. ఆ పాపంలో మాకూ వాటా ఉన్నది.

దాని ఇరుసు మావాడికి కావలసిన వైపుకు కాక లోపలికి వస్తున్నది. అందుకని బాక్సును కడ్డీ మీదనే ఒక సగం చుట్టు తిప్పి బోర్లించి, ఇరుసు ఛాసిస్సు బయటికి వచ్చేటట్లు బిగించాడు. అందంగా కూర్చున్నది. ఫోనులో బొమ్మ చూపించాడు. మేము మెచ్చుకున్నాము. మా షెడ్డు మేస్త్రికి చూపిస్తే ఆయన కూడా, బోల్టులు బాగున్నవి అన్నాడు.

ఆ రోజులలో మా అక్కయ్య కొడుకు దగ్గరకు వెళ్ళి ఉన్నది. ఆమెకు ఆ బండి అంటే మొదటి నుంచీ గిట్టదు. ముందు చక్రాలు స్టాండ్ల మీద గాలిలో ఉండగా, 'అమ్మా, ఒక్కసారి కూర్చొని చూడు' అని బలవంతం చేస్తే సీటులో కూర్చున్నది. సీటంటే రెండు చెక్కలు. పిల్లవాడి సంతోషం కోసం చక్రం కుడివైపుకు తిప్పింది. తొంగి చూసి,

'ఒరే, నేను కుడికి తిప్పితే అది ఎడమకు పోతున్నదేమిరా?' అన్నది.

మావాడు నవ్వి, నీకు కుడి ఎడమలు తెలియడం లేదులే అన్నాడట. తరువాత తాను తిప్పి చూసుకొని మాట్లాడలేదట. ఆ రాత్రి, మాకు పగలు, ఫోను చేసి, 'మామా, వచ్చే ఆదివారం రోడ్డు మీదికి తీద్దామనుకున్నాను' అన్నాడు. మాకు చేతిలో ఉన్న కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టవలసి వచ్చింది.

కారణం ఆలోచిస్తే చాలా చిన్నది. అద్దపు గడియారాన్ని వెనుక నుంచి చూస్తే ముళ్ళు ఎదురు తిరుగుతవి గదా. బాక్సు ఇరుసూ అంతే. బాక్సును బోర్లిస్తే లోపలికి ఉండవలసిన ఇరుసు కొస బయటికి వస్తుంది. పైన చక్రం తిరిగే దిక్కు మారదు, క్రింద చేయి ఊగే దిక్కు మారిపోతుంది. ముందుకు పోవలసినది వెనక్కు పోతుంది. 1960లలో వచ్చిన షెవ్రొలే 'కార్వేర్' బాక్సుకు ఇదే చిక్కు ఉన్నందున, లోపలి భాగాలను అటుదిటు మార్చి హాట్ రాడ్లకని ప్రత్యేకంగా అమ్మేవాళ్ళు కూడా ఉన్నారని తరువాత తెలిసింది. బిగువు చూశాము, బోల్టులు చూశాము, ముగ్గురు మగవాళ్ళం కలిసి తిప్పి మాత్రం చూడలేదు.

చివరకు ఎఫ్-1 బాక్సే తెచ్చాడు. ఈసారి తొందర పడలేదు. ముందు సీటు తయారు చేసి, అందులో కూర్చొని, కర్రముక్కతో కడ్డీ ఎక్కడ నుంచి ఎక్కడికి రావలెనో కొలత చూసుకున్నాడు. ఎడమ ప్రక్క ఇంజను పొగగొట్టం, క్లచ్చి పెడలు, బాక్సు మూడూ ఒకే జానెడు చోటుకు పోటీపడినవి. అట్టముక్కలతో నమూనా చేసుకొని పొగగొట్టాన్నే వంచవలసి వచ్చింది. బాక్సు పట్టే చోట ఛాసిస్సు పలుచని రేకు కాలువ. దానికి లోపల మందపు పలక అతికించి పెట్టె వలె మూసినాడు. లేకపోతే బాక్సు గట్టిదైనా ఛాసిస్సే వంగి ఆడుతుంది.

ఎఫ్-1 కడ్డీ లారీ ఎత్తుకు చేసినది, ఈ పొట్టి బండికి పొడుగు. దాన్ని కోసి మధ్యలో వెల్డింగు పెడతారు కొందరు. మా మేస్త్రి ఈ మాట వినగానే చెవులు మూసుకున్నాడు. మావాడు లేతు పనివాడి చేత కురచ చేయించి, కొసన పళ్ళు కోయించి, కీలు జాయింటు వేసుకున్నాడు. ఆ కీలు వలన ఇంకొక మేలున్నది. పాత బళ్ళలో కడ్డీ ఏకంగా బాక్సు నుంచి డ్రైవరు రొమ్ము దాకా బల్లెం వలె ఉంటుంది. ముందు గుద్దుకుంటే అది వెనక్కు వస్తుంది. అమెరికాలో 1968 నుంచి కార్లలో కడ్డీ అట్లా వెనక్కు చొచ్చుకు రాకుండా ఉండవలెనని నిబంధన పెట్టారు. పాత బండికి ఆ నిబంధన లేదు గాని రొమ్ము అదే గదా.

మా మేస్త్రి చెప్పి చేయించినది ఒకటున్నది. బాక్సును బండికి ఎక్కించక ముందే బల్ల మీద పెట్టి, ఒక కొస నుంచి రెండవ కొస దాకా ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సరిగా సగానికి తెచ్చి గుర్తు పెట్టమన్నాడు. ఆ నడిమి చోట పళ్ళు కాస్త బిగువుగా ఉండేటట్లే చేస్తారు. బండి ఎక్కువగా తిన్నగానే పోతుంది గనుక అరుగుదలంతా అక్కడే. బిగించే మర కూడా అక్కడ ఉంచే బిగించవలె. చక్రం ప్రక్కకు తిప్పి ఉంచి ఆట తీసేస్తే, నడిమికి వచ్చేసరికి పట్టేస్తుంది. చేయి తిన్నగా క్రిందికీ, ముందు చక్రాలు తిన్నగా ముందుకూ, బాక్సు సరిగా నడుమ, ఈ మూడూ ఒకేసారి కుదిరిన తరువాతనే లింకు పొడుగు నిర్ణయించినాడు. రెండు వైపులా చక్రం చివరిదాకా తిరిగినప్పుడు యాక్సిల్ మీది అడ్డు ముందు తగలవలె. బాక్సు లోపలి కొస ముందు తగిలితే పళ్ళే దెబ్బతింటవి.

ఆ తరువాత స్ప్రింగు ఊడదీసి, జాకీతో యాక్సిల్‌ను పైకీ క్రిందికీ ఆడిస్తూ ఫోనులో మాకు చూపించాడు. స్టీరింగు ఎవరూ ముట్టుకోలేదు, అయినా చక్రాలు కొద్దిగా ప్రక్కకు తిరిగినవి. అంటే గుంట పడినప్పుడల్లా బండి తానే మలుపు తీసుకుంటుంది. యాక్సిల్‌ను వెనక నుంచి పట్టే రాడ్డూ, డ్రాగ్ లింకూ ఇంచుమించు ఒకే పొడుగున, ఒకదానికొకటి సమానాంతరంగా, ఒకే చోటు దగ్గర ఊగవలె. చేయి కొస రెండంగుళాలు ఎక్కువ క్రిందికి ఉన్నది. పొట్టి చేయి తెప్పించి వేస్తే సరిపోయింది. ఉన్న చేయినే కాల్చి వంచవచ్చునని ఎవరో సలహా ఇచ్చారట. మేము ఒప్పుకోలేదు. ఈసారి మాట చెల్లింది. ముందు చక్రాల కొసలు లోపలికి అంగుళంలో పదహారవ వంతు సర్ది, ప్రతి నట్టుకూ పిన్ను వేసి మడిచాడు.

మొదట ఒక ఖాళీ మైదానంలో మనిషి నడకతో నడిపాడు. చక్రం వదిలితే అది తానే నడుమకు వచ్చింది. 50 మైళ్ళ తరువాత మళ్ళీ క్రింద పడుకొని నట్టులన్నీ చూశాడు. ఒకటి పావు చుట్టు వదులైందట.

అక్కయ్య తిరిగి రావలసిన ముందువారం ఆ బండిలో కూరగాయల అంగడికి వెళ్ళివచ్చింది. ఎక్కే ముందు ఒకసారి దిగు అని కొడుకును దించి, తానే కూర్చొని చక్రం కుడికి తిప్పి, వంగి చూసి, ఎడమకు తిప్పి, వంగి చూసి, అప్పుడు జరిగి పక్క సీటులో కూర్చున్నదట. బండి ఎట్లా ఉన్నదని అడిగితే, 'పైన కప్పు లేదు, దోవ పొడుగునా కొత్తిమీరంతా ఎగిరిపోయింది' అన్నది.