పులిజూదంలో తూనిక

పద్యానికి ఛందస్సు ఎట్టిదో ఆటకు నియమం అట్టిది. నియమం లేనిదే ఆట లేదు. అయితే ఆ నియమాన్ని ఎవరు చేసినారు? ఒకసారి ఏర్పడినదానిని మార్చవచ్చునా? మార్చదలచినవారు ఏ కొలబద్దతో మార్చవలెను? బడి వసారాలో ఇద్దరు పిల్లలు “మా ఊరి లెక్క ఇది” అని ఒకరు, “కాదు, మా ఊరి లెక్క ఇది” అని మరొకరు తగవు పడినప్పుడెల్ల పుట్టే ప్రశ్నలివి. చూపునకు చిన్నవే గాని, న్యాయమంటే ఏమిటన్న పెద్ద ప్రశ్న వీటి వెనుకనే ఉన్నది.

తిరుపతి ప్రాంతంలో హాథీరాం బావాజీ కథ వినని ఇల్లు అరుదు. ఉత్తర దేశం నుండి వచ్చిన ఆ భక్తునితో శ్రీనివాసుడే స్వయంగా వచ్చి పాచికలాడేవాడని ఐతిహ్యం. ఆ బావాజీ పేరిట వెలసిన మఠపు మహంతులే 1843 నుండి 1933 వరకు తిరుమల ఆలయ పరిపాలన సాగించినారు. కథను భక్తులు భక్తితో చెప్పుకొంటారు. ఆటను గురించి ఆలోచించేవారికి అందులో మరొక విశేషం కనబడుతుంది. గర్భాలయంలో ఒకరు దేవుడు, వాకిట నిలిచినవాడు భక్తుడు. పాచికల పటం ముందు కూర్చున్న పిమ్మట ఇద్దరూ ఆటగాండ్రే. పాచిక దేవునికి ఒక విధంగాను, బావాజీకి మరొక విధంగాను పడదు. ఇరుపక్షాలకూ ఒకే సాధనం, ఒకే నియమం. ఇది సమానుల న్యాయం.

ఇందుకు భిన్నమైన ఆట ఒకటి మన పల్లెల తిన్నెల మీద ఉన్నది. అది పులిజూదం, పులిమేక అని కూడా అంటారు. పేరులో జూదమున్నా ఇందులో పందెం లేదు, పాచిక లేదు, అదృష్టానికి చోటు లేదు. ఒకని వద్ద మూడు పులులు, మరొకని వద్ద 15 మేకలు. పులి మేకను దాటి తినగలదు. మేక పులిని తినలేదు. మేకకున్న బలమల్లా సంఖ్య. సంఖ్యకున్న బలమల్లా కట్టు. పులులన్నింటినీ కదలనీయకుండ చుట్టుముట్టితే మేకలది గెలుపు. ఒకప్పుడు చంద్రగిరి నుండి పలమనేరు దాకా మేకల మందలు మేపుకొనే సీమలో ఈ ఆటకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

ఇట్టి ఆటలో న్యాయం ఎట్లు కుదురుతుంది? ఇరువురికీ ఒకే సాధనం ఇచ్చి చేతులు దులుపుకొనడానికి వీలు లేదు. బలం ఒకరికి, సంఖ్య మరొకరికి ఇచ్చి, రెండింటినీ తక్కెడలో పెట్టి తూచవలెను. ఇది అసమానుల న్యాయం. దీనిని కుదుర్చడం మొదటిదానికంటె కష్టం.

పటాన్ని ఒకసారి గీచి చూడవచ్చును. శిఖరం నుండి కిందికి నాలుగు గీతలు దిగుతవి. వాటిని అడ్డంగా మూడు గీతలు ఖండిస్తవి. ఆ అడ్డగీతలు రెండువైపులా బయటికి సాగి, వాటి కొసలు నిలువుగీతలతో కలుస్తవి. అట్టడుగున మరొక చిన్న అడ్డగీత నాలుగు పాదాలను కలుపుతుంది. శిఖరం ఒకటి, ఒక్కొక్క అడ్డగీతపై ఆరేసి చొప్పున 18, అడుగున నాలుగు. మొత్తం 23 స్థానాలు. చింతపిక్కలు మేకలు, గులకరాళ్లు పులులు. మేకలను వంతుకు ఒకటి చొప్పున పటం మీదికి దింపుతారు. అన్నీ దిగేవరకు మేక కదలరాదు. పులి మాత్రం కదలవచ్చును, తినవచ్చును. పక్కనున్న మేకకు ఆవల అదే గీతపై ఖాళీ ఉంటేనే పులి దాటగలదు.

ఇక లెక్క చూతము. 15 మేకలు, మూడు పులులు కలిసి 18. ఒక్క మేకయైనా చావకుండ అన్నీ దిగినచో మిగిలే ఖాళీలు ఐదు. ఆ ఐదే పులికి ఊపిరి. శిఖరంపై ఒంటరిగానున్న పులిని కట్టవలెనంటే దాని కిందనున్న నాలుగు స్థానాలూ నిండవలెను. దాటడానికి వీలులేకుండ వాటి వెనుకనున్న నాలుగూ నిండవలెను. అనగా ఎనిమిది మేకలు కావలెను. అదే పులి అట్టడుగు మూలకు చిక్కితే పక్కన ఒకటి, పైన ఒకటి, వాటి వెనుక ఒక్కొక్కటి, నాలుగు మేకలు చాలును. కనుక పులిని తరమడం కాదు, మూలకు రప్పించడం మేకల పక్షం నేర్పు.

మేకల సంఖ్యను 18కి పెంచితే ఖాళీలు రెండే మిగులుతవి; పులికి మెసలడానికి చోటుండదు. 12కు తగ్గిస్తే ఖాళీలు ఎనిమిది అవుతవి; పులి ఎటైనా జారుకొంటుంది. తక్కెడ ముల్లు ఇంత సున్నితమైనది. ఎన్ని మేకలను తింటే పులిది గెలుపు, ఒక వంతులో ఒకదాని వెంట ఒకటిగా దాటవచ్చునా, అన్నీ దిగకముందే మేక కదలవచ్చునా అనే విషయాలలో ఊరికొక కట్టుబాటు ఉండడానికి కారణమిదే. ఆడి ఆడి, ఒక పక్షమే గెలుస్తున్నదని విసిగినవారు, తమ ఊరికి తగినట్లు ముల్లును సరిచేసుకొన్నారని ఊహించవచ్చును.

అయితే నియమాన్ని మార్చే ముందు దోషం నియమానిదా, ఆటగానిదా అని తేల్చుకొనవలెను. కొత్తవాడు మేకల పక్షాన కూర్చుంటే అజాగ్రత్తగా దింపిన ఒక్క మేకతో కట్టు చెడుతుంది. వాడు ఓడినాడని మేకలను పెంచితే, నేర్పరి కూర్చున్ననాడు పులికి బ్రతుకుండదు. కనుక పరీక్షకు మొదటి సూత్రం: పక్షాలు మార్చి ఆడవలెను. పులిని ఆడినవాడు మరుసటి ఆటలో మేకను ఆడవలెను. ఎవరు ఆడినా పులియే గెలుస్తున్నచో దోషం నియమానిది. ఒకడు ఏ పక్షాన ఉన్నా వాడే గెలుస్తున్నచో అది వాని నేర్పు.

రెండవ సూత్రం: ఒకమారు ఒక్క నియమాన్నే మార్చవలెను. మేకలను పెంచి, గెలుపు లెక్కను కూడ మార్చినచో, ఫలితం దేనివలన వచ్చినదో బ్రహ్మకైనా తెలియదు. మూడవ సూత్రం: ఒక ఆటతో తీర్పు చెప్పరాదు. పది జంటలు, జంటకు రెండు ఆటలు ఆడి, ఎవరు గెలిచినారు, ఎన్ని మేకలు చచ్చినవి, ఎన్ని వంతులు పట్టినవి అని పలకమీద వ్రాసుకొన్నచో అప్పుడు మాట్లాడడానికి ఆధారముంటుంది.

ఇంకొక చిక్కు ఉన్నది. సమమైన ఆట అంతా మంచి ఆట కాదు. దిగకముందే మేకలు కదలవచ్చునన్నచో వాటికి వెసులుబాటు పెరుగుతుంది, నిజమే. కాని జాగ్రత్తపరుడు నాలుగు మేకలను భద్రమైన మూలలో ఉంచి, ఒకదానినే ముందుకు వెనుకకు జరుపుతూ కాలం గడపవచ్చును. ఎవరూ ఓడరు, ఎవరికీ ఆసక్తి ఉండదు. తక్కెడ సమంగా నిలిచినది గాని దానిలో సరుకు లేదు. కనుక గెలుపోటములతో పాటు ఆట ముగుస్తున్నదా, ముగిసేదాకా మనసు నిలుస్తున్నదా అనేవి కూడ పరీక్షలో భాగమే.

నేపాలు దేశంలో దీనికి తోబుట్టువు వంటి ఆట ఉన్నది. పేరు బాఘ్ చాల్. అక్కడ స్థానాలు 25, పులులు నాలుగు, మేకలు 20. ఐదు మేకలను తింటే పులిది గెలుపు. లిమ్ యూ జిన్, యూర్గ్ నీవర్గెల్ట్ అనే పరిశోధకులు ఆ ఆటను కంప్యూటరుతో గణించి, ఇరుపక్షాలూ తప్పులేకుండ ఆడినచో ఎవరూ గెలువరని తేల్చినారు. ఆ ఫలితం 2009లో ప్రకటితమైనది. పేరులేని పల్లె ఆటగాండ్రు అనుభవంతో నిలిపిన తూనిక యంత్రపు లెక్కకు కూడ సరితూగినదన్నమాట.

నియమాలు మారడం ఆటకు అపచారం కాదు. పూర్వపు చదరంగంలో మంత్రి మూలకు ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. 15వ శతాబ్ది చివర ఐరోపాలో ఆ పావుకు నేటి విస్తారమైన గమనం లభించి ఆట వేగం మారిపోయినది. మన చెడుగుడు విషయమూ అంతే. 2014లో ఆరంభమైన ప్రొ కబడ్డీ పోటీలలో, ముగ్గురు లేక అంతకు తక్కువమంది మిగిలిన జట్టు కూతగాని పట్టుకొన్నచో ఒక అంకె అదనంగా లభిస్తుంది. బలహీనపడిన పక్షానికి ఆశ మిగల్చడమే దాని ఉద్దేశం. మేకల సంఖ్యను సవరించిన బుద్ధే అక్కడా పనిచేసినది.

సాహిత్యంలోనూ ఇట్టి ఉదాహరణ తిరుపతి ముంగిటనే ఉన్నది. ద్విపదకు ప్రాస నియమం. ఆ ప్రాసను సడలించినచో అది తప్పిన ద్విపద కాలేదు; మంజరీ ద్విపద అయినది. అన్నమాచార్యుని భార్య తాళ్లపాక తిమ్మక్క సుభద్రా కల్యాణాన్ని ఆ మంజరిలోనే రచించినది. సడలింపు తెలిసి చేసినది, ముందుగా చెప్పినది, ఆద్యంతం పాటించినది అయితే అది కొత్త నియమం. నడుమ అవసరానికి చేసినది అయితే అది దోషం. ఆటకూ ఇదే గీటురాయి. ఓడిపోతున్నవేళ “మా ఊరిలో ఇట్లు కాదు” అనడం తొండి. ఆటకు ముందే ఇద్దరూ ఒప్పుకొని మార్చుకొనడం విజ్ఞత.

నేడు పులిజూదం పెట్టెలలో అచ్చుపటంగా కూడ దొరుకుతున్నది, ఫోనులోనూ ఆడవచ్చును. ఆట బ్రతికినందుకు సంతోషమే. అయితే అచ్చులో ఉన్నది ఒక్క లెక్క. యంత్రం దానినే ఒప్పుతుంది. దానితో వాదించడానికి వీలులేదు, దానిని ఒప్పించడానికీ వీలులేదు. ఊరికొక లెక్క మరుగుపడితే పోయేది నియమాలు మాత్రమే కావు; కూర్చుని మాట్లాడుకొని నియమం చేసుకొనే అలవాటు కూడ పోతుంది.

ఉపాధ్యాయులు తలచుకొన్నచో దీనికి ఖర్చు లేదు. ఒక సుద్దముక్క, గుప్పెడు చింతపిక్కలు, మూడు రాళ్లు చాలును. పిల్లలు తమ అవ్వతాతల నుండి తమ ఊరి లెక్కను అడిగి వ్రాసుకొని రావచ్చును. వాటిని ఒక్కొక్కటిగా ఆడి, పక్షాలు మార్చి, ఫలితాలు లెక్కించి, తమ తరగతికి ఏ నియమం తగినదో తామే తీర్మానించుకొనవచ్చును. అందులో గణితమున్నది, తర్కమున్నది, మాట నిలుపుకొనడమున్నది. అన్నింటికంటె మిన్నగా, తాను చేసిన నియమం న్యాయమైనదో కాదో తెలియవలెనంటే ఎదుటి పక్షాన కూర్చుని ఆడి చూడవలెనన్న పాఠమున్నది. పులిని ఆడిన పిల్లవాడు మరుసటి వంతులో మేకను ఆడక తప్పదని తెలిసినప్పుడు, అతడు చేసే నియమంలో మేకకు కూడ చోటుంటుంది.