ఆటల కంప్యూటరు కొనే ముందు ఒక చిన్న లెక్క



కిందటి వేసవి సెలవులకు ముందు మా బడిలో తొమ్మిదో తరగతి చదివే కుర్రాడొకడు నా దగ్గరికి ఒక కాగితం పట్టుకొచ్చాడు. వాళ్ళ నాన్న మిరపపంట అమ్మిన డబ్బులో కొంత పక్కన పెట్టి, "చదువుకూ పనికొస్తుంది, నీ ఆటలకూ పనికొస్తుంది, కంప్యూటరు కొనుక్కో" అన్నాడట. కాగితం మీద విడిభాగాల పట్టిక ఉంది. "మాస్టారూ! ఇది సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పండి" అన్నాడు.

చూశాను. నూరు రూపాయల్లో డెబ్బై రూపాయలు ఒక్క గ్రాఫిక్స్ కార్డుకే పోతున్నాయి. ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కు, మానిటరు, విద్యుత్తు అందించే ఎస్‌ఎమ్‌పిఎస్ పెట్టె అన్నీ మిగిలిన ముప్పైలో ఇరికించాడు.

"మంచి కార్డు ఉంటే చాలు కదా మాస్టారూ, ఆట పరుగెత్తుతుంది!" అన్నాడు.

మీరైతే ఏమంటారు? తొందరపడకండి. ముందు లెక్క చేద్దాం.

సెకనుకు పన్నెండు కోట్ల చుక్కలు

సినిమాలో బొమ్మ కదలదని మీకు తెలుసు. సెకనుకు 24 నిలకడ బొమ్మలు ఒకదాని తరవాత ఒకటి చూపిస్తే, మన కన్ను వాటిని కలిపి కదలికగా భ్రమిస్తుంది. కంప్యూటరు ఆటలోనూ అంతే. కాకపోతే సినిమా బొమ్మలు ముందే తీసి పెట్టుకున్నవి. ఆటలో బొమ్మ ముందే ఉండదు. మీరు ఎటు తిరుగుతారో ఎవరికి తెలుసు? అందుకని ప్రతి బొమ్మనూ అప్పటికప్పుడు గీయాలి. ఆట సాఫీగా సాగాలంటే సెకనుకు 60 బొమ్మలైనా ఉంటే బాగుంటుంది.

మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటరులో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. గుణించండి: 20,73,600. దాన్ని 60తో గుణిస్తే 12,44,16,000. అంటే సెకనుకు పన్నెండు కోట్లకు పైగా చుక్కలకు రంగు నిర్ణయించాలి! ఒక్కొక్క బొమ్మకు దొరికే సమయం సెకనులో అరవయ్యో వంతు, అంటే 16.7 మిల్లీసెకన్లు మాత్రమే.

ఇంత పని ఎవరు చేస్తారు?

మేస్త్రీ, నాట్ల ముఠా

వరి నాట్లు వేయడం మీలో చాలామంది చూసే ఉంటారు. మేస్త్రీ ఒక్కడే. ఏ మడి ముందు, ఏ మడి వెనక, ఎంత ఎడం అన్నది అతను చెబుతాడు. నాటే చేతులు మాత్రం చాలా ఉంటాయి. అందరూ ఒకే రకమైన చిన్న పనిని, ఒకేసారి, పక్కపక్కనే చేసుకుపోతారు.

ప్రాసెసరు మేస్త్రీ లాంటిది. ఎదుటివాడు ఎటు పరుగెత్తాలి, బంతి ఎక్కడ పడాలి, మీరు మీట నొక్కితే ఏం జరగాలి వంటివన్నీ అది ఆలోచించి చెబుతుంది. గ్రాఫిక్స్ కార్డు నాట్ల ముఠా. చుక్కలకు రంగులు వేయడమే దాని పని. ఒక ఉదాహరణ చూడండి. 2023లో వచ్చిన రైజెన్ 5 7600 అనే ప్రాసెసరులో ఆలోచించే భాగాలు, అంటే కోర్లు, ఆరే. అదే సంవత్సరం వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 అనే గ్రాఫిక్స్ కార్డులో చిన్న చిన్న కోర్లు 3,072! (ఇవే కొనమని చెప్పడం లేదు. లెక్కకు ఒక జత కావాలి కాబట్టి తీసుకున్నాను.)

మరి నారు? నారుమడి అంటే డిస్కు. ఆటంతా అక్కడ ఉంటుంది. నాటే ముందు నారుకట్టలు తెచ్చి పొలంలో అక్కడక్కడ వేస్తారు చూడండి, ఆ పని ర్యామ్‌ది. గ్రాఫిక్స్ కార్డుకు తనదైన జ్ఞాపకశక్తి కూడా కొంత ఉంటుంది. అది నాటేవాళ్ళ చేతికి అందేంత దగ్గర్లో వేసిన కట్టలన్నమాట. పైన చెప్పిన కార్డులో ఇది 8 జీబీ. అందులోంచి సెకనుకు 272 జీబీ చొప్పున సమాచారం తీసుకోగలదు. అది చాలక మదర్‌బోర్డు మీది ర్యామ్ నుంచి తెచ్చుకోవలసి వస్తే, ఆ దారిలో సెకనుకు సుమారు 16 జీబీయే వస్తుంది. గట్టు దాటి కట్టలు మోసుకొచ్చినట్టు! అప్పుడే ఆట జెర్కులు కొడుతుంది.

అందరికన్నా నిదానమైనవాడు

ఇప్పుడు అసలు లెక్క. ఒక్కొక్క బొమ్మకు ప్రాసెసరు 8 మిల్లీసెకన్లు, గ్రాఫిక్స్ కార్డు 20 మిల్లీసెకన్లు తీసుకుంటున్నాయనుకోండి. కార్డు ఒక బొమ్మ గీస్తుండగా ప్రాసెసరు తరవాతి బొమ్మ పని మొదలుపెడుతుంది. కాబట్టి రెంటినీ కూడనక్కరలేదు. నిదానమైనదే లెక్కకు వస్తుంది. 1000ని 20తో భాగిస్తే సెకనుకు 50 బొమ్మలు.

డబ్బు పోసి రెండింతల వేగం ఉన్న ప్రాసెసరు తెచ్చారు. 8 కాస్తా 4 అయింది. బొమ్మలెన్ని? అదే 50! ఒక్కటీ పెరగలేదు.

పాత ప్రాసెసరు అలాగే ఉంచి కార్డు మార్చారు. 20 కాస్తా 10 అయింది. ఇప్పుడు 100 బొమ్మలు. భేష్! ఇంకా ఖరీదైన కార్డు తెచ్చి 5 చేశారు. 200 వస్తాయా? రావు. ప్రాసెసరుకు 8 పడుతుంది కాబట్టి 125 దగ్గరే ఆగిపోతుంది. మిగతా డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. మేస్త్రీ చెప్పేదాకా ముఠా గట్టు మీద కూర్చుంటుంది.

దీనికి తోడు మానిటరు ఉంది. మామూలు మానిటరు సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తుంది. మీ యంత్రం 125 గీసినా అది చూపేది 60. అందుకే పట్టిక రాసేటప్పుడు ముందు మానిటరు రాయండి. 1080 వరసలదా, 2160 వరసలదా? 60 సార్లదా, 144 సార్లదా? 2160 వరసల 4కే మానిటరులో చుక్కలు సరిగ్గా నాలుగింతలు. కార్డు పని కూడా ఆ మేరకు పెరుగుతుంది.

మీ ఇంట్లోనో, స్నేహితుడి ఇంట్లోనో ఇప్పటికే ఆటల కంప్యూటరు ఉంటే ఒక ప్రయోగం చేయవచ్చు. ఆట సెట్టింగులలో చుక్కల సంఖ్య, అంటే రిజల్యూషన్, తగ్గించి చూడండి. సెకనుకు వచ్చే బొమ్మలు బాగా పెరిగితే వెనకబడుతున్నది కార్డు. పెరగకపోతే వెనకబడుతున్నది ప్రాసెసరు. పైసా ఖర్చు లేని పరీక్ష!

పొసిగేవి, పొసగనివి

భాగాలు ఒకదానికొకటి అమరాలి కూడా. పైన చెప్పిన ప్రాసెసరు ఏఎమ్5 అనే సాకెట్టులో కూర్చుంటుంది. దానికి 1,718 స్పర్శబిందువులు. అదే కంపెనీ పాత ఏఎమ్4 ప్రాసెసర్లకు 1,331 పిన్నులు. ఒకదాని బోర్డులో మరొకటి పట్టదు. డీడీఆర్4, డీడీఆర్5 ర్యామ్‌లు చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. రెంటికీ 288 స్పర్శబిందువులే. కాని అంచున ఉన్న గాటు వేరే చోట ఉంటుంది. ఒకదాని గాడిలో మరొకటి దిగదు. బలవంతంగా నొక్కితే బోర్డు విరుగుతుంది.

ర్యామ్ 16 జీబీ కావాలంటే 16 స్టిక్కు ఒకటి కన్నా, 8 స్టిక్కులు రెండు మేలు. రెండు వాకిళ్ళలోంచి సమాచారం ఒకేసారి వస్తుంది.

డిస్కు విషయానికొస్తే, పాతరకం హార్డ్ డిస్కు నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు తిరిగి వచ్చేదాకా సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకన్లకు పైగా ఆగాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, కాబట్టి ఆ నిరీక్షణా లేదు. ఆట త్వరగా తెరుచుకుంటుంది. అయితే సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్యను ఇది పెద్దగా పెంచదని గుర్తుంచుకోండి.

నేను చదవని చీటీ

ఇక అందరూ చివర రాసి, మిగిలిన చిల్లరతో కొనే భాగం ఎస్‌ఎమ్‌పిఎస్. దీని గురించి నా సొంత అనుభవమే చెబుతాను.

మా అబ్బాయి ఇంటర్ చదివేటప్పుడు వాడికొక యంత్రం కట్టించాను. ఎస్‌ఎమ్‌పిఎస్ క్యాబినెట్టుతో పాటు వచ్చింది. మీద పెద్ద అక్షరాలతో "450 వాట్లు" అని ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను. ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకు యంత్రం టక్కున ఆగిపోయేది. "ఎప్పుడూ ఆటలేనా! అందుకే పాడైంది" అని వాణ్ణి కేకలేశాను. ఒకరోజు సాయంత్రం ఠప్‌మని శబ్దం, కాలిన వాసన. ఎస్‌ఎమ్‌పిఎస్ పోయింది, పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది.

మరమ్మతు చేసే కుర్రాడు పెట్టె తిప్పి, పక్కనున్న చీటీ చూపించాడు. చిన్న అక్షరాలతో "12 వోల్టులు – 16 ఆంపియర్లు" అని ఉంది. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు తమ శక్తిని ముఖ్యంగా ఈ 12 వోల్టుల తీగల నుంచే తీసుకుంటాయి. సామర్థ్యం అంటే వోల్టేజిని కరెంటుతో గుణించడం. 12 × 16 = 192 వాట్లు! మా యంత్రానికి ఆట ఆడేటప్పుడు రెండు వందలకు పైగా కావాలి. ఏటా పదో తరగతికి ఈ సూత్రం నల్లబల్ల మీద రాసేవాణ్ణి నేనే. ఇంట్లో చీటీ చదవనివాణ్ణీ నేనే. తప్పు వాడిది కాదురా అని మా అబ్బాయికి చెప్పుకోవలసి వచ్చింది.

మన ఉదాహరణ యంత్రానికి లెక్క వేయండి. కార్డు 115 వాట్లు, ప్రాసెసరు నిండు పనిలో 88 వాట్లు, మిగతావాటికి సుమారు 50. మొత్తం రమారమి 250. దాన్ని 12తో భాగిస్తే దాదాపు 21 ఆంపియర్లు. అయినా ఆ కార్డు తయారీదారు 550 వాట్ల పెట్టె వాడమంటాడు. ఎందుకు? కార్డు క్షణకాలం పాటు ఎక్కువ శక్తి లాగుతుంది. పైగా ఎస్‌ఎమ్‌పిఎస్ తన శక్తిలో సగం దగ్గర పనిచేసేటప్పుడే విద్యుత్తు వృథా తక్కువ. పెట్టె మీద "80 ప్లస్" ముద్ర ఉంటే అది ఈ వృథా ఎంత తక్కువో చెబుతుంది. అన్ని రకాల రక్షణా ఉందని మాత్రం ఆ ముద్రకు అర్థం కాదు.

వేడి, ఎర్తు

లోపలికి వెళ్ళిన విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. గది 25 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసరు 65 డిగ్రీలుంటే, అది గది కన్నా 40 ఎక్కువన్నమాట. మన రోహిణీకార్తెలో గది 42 అయితే? దాదాపు 82! మన ఉదాహరణ ప్రాసెసరుకు హద్దు 95. ఆ దరికి చేరితే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి గాలి ఆడే క్యాబినెట్టు ఎంచుకోండి. గోడకు ఆనించి పెట్టకండి, దుమ్ము దులుపుతూ ఉండండి.

క్యాబినెట్టును ముట్టుకుంటే జిల్లుమంటోందా? మీ ప్లగ్గుకు ఎర్తు అందడం లేదన్నమాట. అలా వదిలేయకండి. మీరు మీరే విప్పి చూడకుండా, పెద్దవాళ్ళకు చెప్పి ఎలక్ట్రీషియన్‌తో సరిచేయించండి.

ఇంతకీ మా కుర్రాడు?

వాడూ నేనూ కూర్చుని పట్టిక మళ్ళీ రాశాం. ముందు 1080 వరసల మానిటరు, తరవాత దానికి తగిన కార్డు, కార్డుకు తగిన ప్రాసెసరు, రెంటికీ చాలే ఎస్‌ఎమ్‌పిఎస్. కార్డు వాటా డెబ్బై నుంచి నలభైకి దిగింది. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వాళ్ళ నాన్నతో వెళ్ళినప్పుడు వాడు చేసిన మొదటి పని, ఎస్‌ఎమ్‌పిఎస్ పెట్టె తిప్పి చీటీ చదవడమట!

మీరూ చేయండి

1. మీ ఇంట్లో ఫోను ఛార్జరు మీద ఉన్న చిన్న అక్షరాలు చదవండి. "5 వోల్టులు, 2 ఆంపియర్లు" అని ఉంటే అది ఎన్ని వాట్లు?

2. ఒక యంత్రంలో బొమ్మకు ప్రాసెసరు 12, కార్డు 9 మిల్లీసెకన్లు తీసుకుంటున్నాయి. మానిటరు 144 సార్లది. సెకనుకు ఎన్ని బొమ్మలు? ఏ భాగం మార్చాలి?

(జవాబులు: 1. 10 వాట్లు. 2. సుమారు 83. ప్రాసెసరు.)